ఇంకా ఇయ్యలేదు, మేడం

"నీ బిడ్డనైతే ఏడికి పంపుతవు, టీచరమ్మా?"

దుర్గయ్య ఈ మాట అడిగింది 2023 ఫిబ్రవరిలో. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో, పిల్లల్ని విదేశీ చదువులకు పంపే ఆఫీసులో. టేబుల్ మీద రెండు కాయితాలున్నాయి. ఒకటి బ్రిటన్ యూనివర్సిటీది, ఒకటి జర్మనీది. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. దుర్గయ్యకు ఇంగ్లీషు రాదు. ఆయన బహదూర్‌పురా మనిషి, ఇరవై నాలుగేళ్లుగా జూలో నీటిగుర్రాలకు మేత వేస్తున్నాడు. కాయితాలు చదవలేడు కాబట్టి ఎదురుగా కూర్చున్న జాహెదా మొహం చూస్తున్నాడు. పక్కనే ఆయన కూతురు భాగ్యశ్రీ ఒళ్లో పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది.

జాహెదా "గిక్కడికే పంపుత, అన్నా. మా హిబానైనా గిక్కడికే" అని బ్రిటన్ కాయితం మీద వేలు పెట్టింది.

ఆమె ఆ వేలిని ఇప్పటికీ క్షమించలేదు.

జాహెదాకి నలభై నాలుగేళ్లు. యాకుత్‌పురా స్టేషన్ వెనక ఇల్లు. భర్త బాబూమియా అత్తరు దుకాణంలో పనిచేస్తాడు. ఆయన ఇంటికి వస్తే జీతం కంటే వాసన ముందు వస్తుందని ఆమే అంటుంది. ఒక్కతే కూతురు, హిబా. జాహెదా పద్నాలుగేళ్లు బహదూర్‌పురాలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పింది. ఆరో తరగతిలో భాగ్యశ్రీ ఆమె ముందు బెంచీలోనే కూర్చునేది. 2020లో బడి మూతపడినప్పుడు యాజమాన్యం మొదట సగం జీతం ఇచ్చింది, తర్వాత అదీ ఆపేసింది. గురువు దైవమని మనవాళ్లు సెప్టెంబరులో దండలు వేసి మరీ చెబుతారు. దైవానికి ఏడున్నర వేలు ఇచ్చి, ఆ ఏడున్నర వేలూ ఆపేస్తే దైవం ఏం చేస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఏం చేస్తుందంటే, వేరే ఉద్యోగం వెతుక్కుంటుంది.

ఆ ఉద్యోగం ఇచ్చినవాడు ప్రేమ్‌రాజ్. అదే అంతస్తులో ఇంతకుముందు గల్ఫ్ టికెట్లు అమ్మేవాడు. చదువుల గిరాకీ పెరిగిందని బోర్డు మార్చాడు. జాహెదా ఇంగ్లీషు కోసమే ఆమెను తీసుకున్నాడనుకుంటే పొరపాటు. ఇంతకంటే మంచి ఇంగ్లీషు అమీర్‌పేటలో చవగ్గా దొరుకుతుంది. పాతబస్తీలో ఏ తల్లి అయినా కూతురిని దేశం దాటించాలంటే ముందు ఒక ఆడమనిషిని నమ్మాలి. "జాహెదా టీచర్ చెప్పింది" అన్న మాటకు ఈ గల్లీల్లో పద్నాలుగేళ్ల పలుకుబడి ఉంది. ప్రేమ్‌రాజ్ నెలకు పద్దెనిమిది వేలు పెట్టి ఆ పలుకుబడిని కొన్నాడు. పైగా ఆమె చేర్పించాల్సిన విద్యార్థుల టార్గెట్ నిండితే ఒక్కసారిగా పదిహేను వేలు. విద్యార్థి అని ఆఫీసులో ఎవరూ అనరు. 'హెడ్డు' అంటారు.

ఈ వ్యాపారంలో ఒక సంగతి బయటివాళ్లకు తెలియదు. సలహా ఉచితం అని బోర్డు మీద ఉంటుంది. అది నిజమే, పిల్లల దగ్గర ఏమీ తీసుకోరు. పిల్లల్ని తెచ్చినందుకు యూనివర్సిటీలే ఫీజులో వాటా ఇస్తాయి. కొన్ని ఎక్కువ ఇస్తాయి, కొన్ని తక్కువ ఇస్తాయి. జర్మనీలో సర్కారు యూనివర్సిటీలు చాలావాటిలో అసలు ఫీజే ఉండదు కనుక ఏమీ ఇవ్వవు. ఇంతే రహస్యం. ఇది తెలిస్తే కెరియర్ కౌన్సెలింగ్ అనే శాస్త్రం సగం తెలిసినట్టే.

భాగ్యశ్రీకి ఇది తెలియదు. కానీ మిగతా సగం ఆ పిల్లకు జాహెదా కంటే బాగా తెలుసు.

ఆమె చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఒళ్లో ఉన్న ఆ నోటుబుక్కు జూ స్టోరులో మేత లెక్కలు రాసే రకం, తండ్రి తెచ్చిచ్చాడు. అందులో పదకొండు జర్మన్ యూనివర్సిటీలు, ఒక్కోదానికి ఒక పేజీ. ర్యాంకులు రాయలేదు. ర్యాంకు చూసి ఎవడూ అన్నం పెట్టడని ఆమె సిద్ధాంతం. ఆరు వారాలపాటు ప్రతి ఆదివారం ఇంటర్నెట్‌లో కూర్చుని, ఆ ఊరి చుట్టూ యాభై కిలోమీటర్ల లోపల ఎలక్ట్రికల్ ఇంజనీర్లు కావాలనే ప్రకటనలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టింది. ఎన్నిటికి జర్మన్ భాష తప్పనిసరి, ఎన్నిటికి ఇంగ్లీషు చాలు, కొత్తవాళ్లను తీసుకునేవి ఎన్ని అని మూడు గళ్లు గీసి నింపింది. నాలుగో పేజీలోని ఊరి చుట్టూ ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత గీసింది. పెద్దగా పేరులేని ఊరు, ఎవరూ వినని యూనివర్సిటీ. కానీ చుట్టూ కరెంటు మోటార్లు చేసే కంపెనీలు.

జాహెదా ఆ నోటుబుక్కు చూసిన రోజు నిజంగా సంబరపడింది. పద్నాలుగేళ్లలో తను చెప్పిన చదువు ఇంత పని చేసిందా అనుకుంది. పట్టుకెళ్లి ప్రేమ్‌రాజ్‌కి చూపించింది.

"సార్, గీ పిల్ల పని చూడుండ్రి జర. మనమే ఎన్నడు గిట్ల చెయ్యలె."

ప్రేమ్‌రాజ్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "జర్మనీ అంటుందా?"

"హౌ సార్."

"ఫీజు లేనికాడ కమీషన్ ఏడికెళ్లొస్తది మేడం? మనమేమన్న లంగర్ నడుపుతున్నమా, వచ్చినోళ్లకు వచ్చినట్టు ముఫత్‌ల వడ్డించనీకి?"

"పిల్ల ఫ్యూచర్..."

"ఎనిమిది టార్గెట్. ఏడైనయ్. ఒక్క హెడ్డు తక్కువుంది." అప్పుడు తల ఎత్తి, మనసారా అడిగాడు: "మీ హిబా హాల్‌టికెట్ సంగతేమైంది మేడం? ఇచ్చిన్రా?"

ప్రేమ్‌రాజ్ బెదిరించే మనిషి కాదు. ఎక్కడ నొప్పి ఉందో సరిగ్గా అక్కడే పరామర్శిస్తాడు. హిబా అప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. ఆ పిల్లదీ ఎలక్ట్రికలే. కాలేజీవాళ్లు ఫీజు బాకీ ఉందని హాల్‌టికెట్ ఆపారు. బాకీ పద్నాలుగు వేల ఎనిమిది వందలు.

తర్వాతి గురువారం భాగ్యశ్రీ తండ్రిని తీసుకుని వచ్చింది. జాహెదా ఆ రోజు ముప్పావు గంట మాట్లాడింది. గమనించాల్సిందేమంటే, ఆ ముప్పావు గంటలో ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు. జర్మనీలో కోర్సు రెండేళ్లంటారు, మూడేళ్లు పడుతుంది. వీసా ఆలస్యం. సర్టిఫికెట్ల పరిశీలనకే నెలలు. బ్రిటన్‌లో ఏడాదిలో చదువు అయిపోతుంది, ఆ తర్వాత రెండేళ్లు ఉండి పని చేసుకోవచ్చు, క్యాంపస్ లండన్‌లో. అన్నీ నిజాలే. ఆ యూనివర్సిటీ ఎక్కడో ఉత్తరాన ఉంటుందనీ, లండన్‌లో దానికున్నది ఒక వ్యాయామశాల పైన అద్దెకు తీసుకున్న రెండు అంతస్తులేననీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. కోర్సు పేరులో ఇంజనీరింగ్ ఉందిగానీ అందులో కరెంటు లేదనీ, అంతా మేనేజ్‌మెంటేననీ చెప్పలేదు. అదీ ఎవరూ అడగలేదు.

భాగ్యశ్రీ మాత్రం వదల్లేదు. "మేడం, అక్కడ ఫీజు లేదు గదా. భాషంటరా, మొదటి పరీక్ష పాసైన నేను. ఇంకొక ఆర్నెల్లు టైమిస్తే రెండోది గూడ..."

"మొదటి పరీక్ష పాసైతే కూరగాయలు కొనొచ్చు బేటా. ఇంటర్వ్యూ ఇయ్యరాదు."

దుర్గయ్య నవ్వాడు. పిల్ల మొహం ఎర్రబడింది. తండ్రి ముందు మాస్టరమ్మ నవ్వులాటకు తీసుకుంటే పాతబస్తీ పిల్ల ఇక మాట్లాడదు. జాహెదాకి అది తెలుసు. పద్నాలుగేళ్లు క్లాసు నడిపింది ఆ విద్యతోనే.

నవ్వు ఆగాక దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, మా జూల ఒక పద్ధతుంది. ఒక జంతువును వేరే ఊరి జూకి పంపుతం అనుకో. లారీ ఎక్కిచ్చుడు పెద్ద ముచ్చట కాదు. దానెంబడి మేం గూడ పోవాలె. ఏం తింటది, ఎప్పుడు తింటది, ఎవ్వరి చేతిల తింటది, అన్ని రాసియ్యాలె. అక్కడోళ్ల చేతిల అది మేత తిన్నదాక మేం రావద్దు. తిన్నదని ఈడికి ఫోనొస్తెనే చేరినట్టు రాస్తరు. గప్పటిదాక తొవ్వలున్నట్టే లెక్క."

"బాపూ, నేనేమన్న నీటిగుర్రాన్నా?"

"నీటిగుర్రమైతే నాకింత ఫికరుండేది కాదు బిడ్డా, దాని తిండి నాకెరుకే." అని జాహెదా వైపు తిరిగాడు. "నేనైతే దీనెంబడి పోలేను. కాయితం చదవరాదు. గందుకే నిన్నడుగుతున్న. నీ బిడ్డనైతే ఏడికి పంపుతవు?"

అదీ, ఆ ప్రశ్న వచ్చిన దారి. ముప్పావు గంటలో చెప్పని ఒకే ఒక్క అబద్ధం ఆమె అప్పుడు చెప్పింది.

దుర్గయ్య సంతకం పెట్టాడు. రాజేంద్రనగర్ అవతల ఎనభై గజాల జాగా బ్యాంకుకు తాకట్టు వెళ్లింది, ఇరవై రెండు లక్షల అప్పు వచ్చింది. లేచి వెళ్లేటప్పుడు భాగ్యశ్రీ నోటుబుక్కు టేబుల్ మీద పెట్టింది. "మీ దగ్గరనే ఉంచుకోండి మేడం. ఎవరికన్న పనికొస్తది." కోపంగా అనలేదు. మర్యాదగానే అంది. జాహెదా దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. మరుసటి నెల హిబా హాల్‌టికెట్ వచ్చింది.

సెప్టెంబరులో ప్రయాణం. పాతబస్తీలో దూరం పోయేవాళ్ల కుడి చేతికి ఇమామ్ జామిన్ కడతారు. గుడ్డలో నాణేలు పెట్టి కుట్టి భుజానికి చుట్టే కట్టు అది. దారిలో రక్షణగా ఉంటుందని నమ్మకం. క్షేమంగా చేరాక విప్పి, ఆ పైసలు ఎవరైనా పేదవాళ్లకు ఇచ్చేయాలి. ఇది మతంలో లేదనే పెద్దలూ ఉన్నారు. తల్లులు ఆ పెద్దల మాట విన్నట్టే ఉంటారు, విమానం రోజున మాత్రం సూది దారం తీస్తారు. తన చేతిమీదుగా వెళ్లే ప్రతి పిల్లకూ, హిందువైనా ముస్లిమైనా, జాహెదా తానే కుట్టి కడుతుంది. భాగ్యశ్రీకి ఆకుపచ్చ సాటిన్ గుడ్డలో ఒక పదిరూపాయల బిళ్ల, ఒక రూపాయి బిళ్ల పెట్టి కుట్టింది. బహదూర్‌పురా వెళ్లి, వాళ్లింటి గడప లోపల నిలబెట్టి కట్టింది. వేసిన ముడిని విప్పి మళ్లీ కట్టింది. భాగ్యశ్రీ తల్లి సక్కుబాయి అది చూసి, ప్రేమ అనుకుంది.

"చేరినంక ఎవరన్న గరీబుకు ఇచ్చెయ్ బేటా."

"చేరినంక అంటే విమానం దిగినంక కాదు" అన్నాడు దుర్గయ్య వెంటనే. "చదివిన చదువుకు నౌకరి దొరికి, గా జీతంతోని నువ్వు బువ్వ తిన్ననాడు ఇయ్యాలె. గప్పుడే నువ్వు చేరినట్టు."

"అట్ల కాదన్నా, మా దాంట్ల..."

"మా జూల గట్లనే" అన్నాడు. అందరూ నవ్వారు. జాహెదా కూడా నవ్వింది. ఆ మాట ఎంత దూరం వస్తుందో అప్పుడు ఆమెకు తెలియదు.

వారం తర్వాత లండన్ నుంచి మెసేజ్ వచ్చింది: 'దిగిన మేడం. రూమ్ దొరికింది. పదకొండు రూపాయలు నా దగ్గరనే ఉన్నయి. బాపు చెప్పినట్టు నౌకరి వచ్చినంక ఇస్త.'

చదువు ఏడాదిలో అయిపోయింది. భాగ్యశ్రీకి డిస్టింక్షన్ వచ్చింది. నౌకరి రాలేదు. కంపెనీలు అడిగేవి రెండే: కరెంటు పని ఏం చేశావు, నీ వీసా భారం మేమెందుకు మొయ్యాలి. ఈలోగా అక్కడి ప్రభుత్వం, విదేశీయులను ఉద్యోగంలో ఉంచుకోవాలంటే ఇవ్వాల్సిన కనీస జీతాన్ని బాగా పెంచింది. కొత్త పిల్లకు అంత జీతం ఎవరూ ఇవ్వరు. ఆమె ఇప్పుడు ఊరి చివర ఒక గోదాములో పార్సెళ్ల మీద స్టిక్కర్లు అంటిస్తుంది. అందులోంచి అద్దె పోను మిగిలింది ఇంటికి పంపుతుంది. నెలకు ముప్పై వేల కిస్తులో సగం దాంతో పోతుంది. మిగతా సగం నీటిగుర్రాలకు మేత వేసే చేతుల్లోంచి పోతుంది.

పట్టా గౌను వేసుకుని దిగిన ఫోటో మాత్రం భాగ్యశ్రీ పంపింది, అడిగితే. ప్రేమ్‌రాజ్ దాన్ని పెద్దది చేయించి, 'మా విద్యార్థిని, లండన్' అని రాయించి, సరిగ్గా జాహెదా కుర్చీ ఎదుటి గోడకు కొట్టించాడు. వచ్చిన తల్లులు ఆ ఫోటో చూసి అడిగేవారు: "గీ పిల్ల ఇప్పుడేం చేస్తుంది ఆపా?"

"జాబ్ చేస్తుంది."

అదీ నిజమే.

ఇలాంటి చోట రచయితలు సాధారణంగా మనిషిని మార్చేస్తారు. జాహెదా మారలేదు. 2024లో ఇంకో పదిహేడు మందిని పంపింది. అందులో కొందరు బాగానే ఉన్నారు. ఒకటి మాత్రం మానేసింది. "మీ బిడ్డనైతే?" అని ఎవరైనా అడిగితే, ఫోన్ వచ్చినట్టు లేచి వరండాలోకి వెళ్లిపోయేది. భాగ్యశ్రీ మెసేజ్‌లు వచ్చేవి. ప్రతి పండుగకూ ఒకటి, ఒకే వాక్యం. 'ఈద్ ముబారక్ మేడం. ఇంకా ఇయ్యలేదు.' దసరాకి, 'ఇంకా ఇయ్యలేదు, మేడం.' అందులో ఎత్తిపొడుపు ఉందా అని ఆమె చాలాసార్లు వెతికింది. లేదు. లేకపోవడమే ఆమెకు కష్టమైంది. 2025లో ఉగాది, రంజాన్ ఒక్క రోజు తేడాతో వచ్చాయి. 'రెండు పండుగలకు కలిపి ముబారక్ మేడం. ఇంకా ఇయ్యలేదు.'

అప్పటికే ఆమె ఇంకొక పని చేసి ఉంది. ఆ ముందటి నవంబరులో, హిబా చివరి ఏడాదిలో ఉండగా, "నేను కూడా బయటికెళ్లి చదువుతా అమ్మీ, మీ ఆఫీసులో ఏది మంచిది?" అని అడిగింది.

జాహెదా మరుసటి రోజు ఆఫీసులో సొరుగు తాళం తీసింది. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని యాకుత్‌పురా తెచ్చింది. చాపమీద కూర్చున్న కూతురు ముందు పెట్టి, "ఆఫీసును నక్కో పూఛ్, అడగకు. దీంట్ల చూసుకో" అంది.

హిబా రెండు గంటలు చదివింది. "ఎవరిదమ్మీ ఇది? కమాల్ చేసింది. ప్రకటనలు లెక్కపెట్టిందా! ఈమె ఏ ఊరు పోయింది? నాలుగోదా?"

"లండన్."

"ఇంత లెక్క కట్టి లండనా? దివానీ ఉందా?"

జాహెదా వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

హిబాకి నాలుగో పేజీలోని ఊళ్లోనే సీటు వచ్చింది. ఖర్చులకు బ్యాంకులో చూపించాల్సిన డబ్బు కోసం జాహెదా పెళ్లినాటి గాజులు, గొలుసు అన్నీ తాకట్టు పెట్టింది. ప్రేమ్‌రాజ్‌కి తెలిసి పకపకా నవ్వాడు. "క్యా మేడం, హలీం అమ్మేటోడు ఇంట్ల పప్పు తిన్నట్టు!" అతనికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. అతని దృష్టిలో ఇది తెలివి.

2025 సెప్టెంబరులో, హిబా ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు, జాహెదా ఒక సోమవారం బహదూర్‌పురా వెళ్లింది. సోమవారం జూకి సెలవు. కవర్లో పదిహేను వేలు పెట్టుకుంది. హాల్‌టికెట్‌కు కట్టేసిన పదిహేను వేలు కావు. అవి ఎప్పుడో పోయాయి. అంతే మొత్తం, మళ్లీ కూడబెట్టింది.

దుర్గయ్య గడపలో కూర్చుని గంబూట్లు కడుక్కుంటున్నాడు. "రా టీచరమ్మా, కూసో." సక్కుబాయి కుర్చీ తెచ్చి వేసింది, చాయ్ పెట్టలేదు.

"దుర్గయ్యన్నా, ఒక మాట చెప్పనీకొచ్చిన. గా దినం నేను..."

"హిబా జర్మనీ పోతుందంట గద" అన్నాడు ఆయన బూటు బోర్లిస్తూ.

"ఎవరు చెప్పిన్రు?"

"భాగ్య చెప్పింది. నోటుబుక్కు అట్ట మీద దాని నంబరుంది గద. నీ బిడ్డ ఫోన్ చేసిందంట, మస్తు పనికొచ్చిందక్కా, షుక్రియా అని. మంచి పిల్ల."

"ఎన్నడు?"

"ఎండకాలంల."

"మూడు నెలలైంది అన్నా! మరి వచ్చి నన్ను అడగలె?"

"అడిగిన గద" అన్నాడు దుర్గయ్య. "ఒకసారి అడిగిన. ఒక్క మాట రెండుసార్లు ఏమడుగుత?"

లోపల్నుంచి సక్కుబాయి అంది: "పుస్తకం మా బిడ్డది, విమానం నీ బిడ్డది. మంచిగుంది టీచరమ్మా నీ చదువు."

జాహెదా అప్పుడు అంతా చెప్పింది. కమీషన్ సంగతి, ఎనిమిదో హెడ్డు సంగతి, హాల్‌టికెట్ సంగతి, కూరగాయల మాట కావాలనే అన్న సంగతి. కవరు తీసి గట్టు మీద పెట్టింది. దుర్గయ్య దాన్ని తాకలేదు. ఇక్కడ కథలైతే కవరు వెనక్కి తిరిగి వెళ్తుంది. పేదవాళ్లు ఆత్మాభిమానంతో పైసలు వద్దంటారు. సక్కుబాయి బయటికి వచ్చి కవరు తీసుకుని, వేలు తడిచేసుకుని నోట్లు లెక్కపెట్టింది. "సగం కిస్తు" అని లోపలికి పట్టుకెళ్లింది.

"మాఫ్ చెయ్ అన్నా."

దుర్గయ్య రెండో బూటు తీసుకున్నాడు. "చేసిన అంటే నువ్వు నిమ్మళంగ పంటవ్. గందుకే అనను."

ఆ బూటూ కడిగి బోర్లించాడు. తర్వాత ఆయనే అడిగాడు. "నీ బిడ్డకు గూడ కడతవు గద, గా ఆకుపచ్చ గుడ్డ?"

"కడత."

"మా బిడ్డ పైసలు ఇంక దాని కాడనే ఉన్నయి. అది ఇచ్చేదాక నీ బిడ్డ గూడ ఇయ్యొద్దు."

జాహెదా ఉలిక్కిపడింది. "అట్ల ఆపరాదన్నా. అవి గరీబోళ్ల పైసలు. చేరినంక మన దగ్గర ఉంచుకోవద్దు. గునా అయితది, పాపం తగుల్తది."

"అయితే మా బిడ్డను చేర్పియ్."

జాహెదా సంచి సర్దుకుని లేచింది. సక్కుబాయి గేటు దాకా వచ్చి, గేటు వేసింది.

హిబా చేతికి జాహెదా కట్టింది అదే ఆకుపచ్చ సాటిన్ తానులో మిగిలిన ముక్క. అందులో ఒక పదిరూపాయల బిళ్ల, ఒక రూపాయి బిళ్ల. బాబూమియా దువా చదివి ఊదాడు. శంషాబాదులో పిల్ల లోపలికి వెళ్లాక, ఆయన కళ్లు తుడుచుకుంటూ భార్య వైపు చూస్తే, ఆమె ఏడవడం లేదు. వేరే ఎవరినో పంపించి వచ్చినదానిలా నిలబడి ఉంది.

మూడో రోజు హిబా వీడియో కాల్ చేసింది. వెనక కిటికీలోంచి ఏదో ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తోంది. "అమ్మీ, ఇమామ్ జామిన్ విప్పిన. స్టేషన్ దగ్గర ఒక ముసలాయన కూర్చుంటడు, ఆయనకియ్యనా? మన రూపాయలు ఇక్కడ నడవయి గదా, వాటి బదులు యూరోలిస్తా."

"నక్కో. ఉంచు."

"ఎందుకు? చేరిన గదా."

"ఉంచమన్న గదా. ఉంచు."

ఇది తప్పో ఒప్పో మసీదులో అడగొచ్చు. ఆమె అడగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం జుహర్ నమాజ్ అయ్యాక జాహెదా ఒక పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఎలక్ట్రికల్ ఇంజనీర్లు కావాలనే ప్రకటనలు వెతుకుతుంది. బ్రిటన్‌వి కొన్ని, జర్మనీవి కొన్ని, మూడు గళ్లు గీసి రాస్తుంది. వాటికి తగినట్టు భాగ్యశ్రీ దరఖాస్తులు తానే రాసి పంపుతుంది. ఇంగ్లీషు టీచరు కాబట్టి ఉత్తరాలు బాగుంటాయి. ఇప్పటికి నలభై ఆరు పంపింది. రెండిటికి ఇంటర్వ్యూ వచ్చింది. జర్మనీలో మళ్లీ చదువుకు దరఖాస్తు పెడదామంటే భాగ్యశ్రీ ఒప్పుకోదు: 'ముందు కిస్తు మేడం.' ఆమె వీసా ఇంకో ఏడాది ఉంది. గోడ మీద ఫోటో అలాగే ఉంది. జాహెదా తన కుర్చీని మాత్రం అటు వీపు వచ్చేలా తిప్పుకుంది. ప్రేమ్‌రాజ్ వాస్తు అనుకుంటున్నాడు.

భాగ్యశ్రీ దగ్గర పదకొండు రూపాయలు, హిబా దగ్గర పదకొండు రూపాయలు, మొత్తం ఇరవై రెండు రూపాయలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.